రేకు సందు

చెంగమ్మ కత్తి తియ్యలేదు.
బొటనవేలి గోటితో అంచు తడిమి
తన గోటికి మాత్రమే దొరికే సందు పట్టుకుని
పెదాలు దగ్గరపెట్టి
ఊదింది.

అభ్రకం బిళ్ళ రెండు రేకులైంది.
రెండు, నాలుగు.
ఆమె ఒళ్ళో సీతాకోకచిలుక లేవబోయి
మళ్ళీ కూర్చున్నట్టు.

"ఇనప మాట ఇనదబ్బయా ఇది.
ఊపిరి మాట ఇంటాది."

సైదాపురం దాటినాక పాత గని.
మొన్నటి తుఫానుకు నిండిన గుంట
పాచిపట్టి, పలకరించనట్టు ఉంది.
తుప్పు పట్టిన వించి నీడలో
రెండు మేకలు, ఒక గొడుగు.
గని ఎప్పుడు మూసేశారంటే
"మా చిన్నదానికి పుట్టెంటికలు తీసిన యేడు"
అంటుంది. నేను రాసుకోలేదు.

గూడూరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను.
పిల్లలకు చూపించడానికి ఒక్క బిళ్ళ కావాలని వచ్చాను.
సిలబస్‌లో లేదు ఈ పాఠం.
ముందే చెప్పేస్తాను వాళ్ళకి,
ఇది కొందరి ఊహ, పరీక్షలో రాయొద్దని.

కణం ఇంకా లేదు.
తన చుట్టూ పొర అల్లుకోవడం
ఎవరికీ చేతకాని రోజులు.
అప్పుడొక నీటిచెమ్మ
ఇలాంటి సందులోకి జారి ఉంటుందట.
గోడలు ముందు,
కాపురం తర్వాత.

పగటి వేడికి రేకులు
వెంట్రుకలో వెయ్యోవంతు విచ్చుకుంటాయి.
రాత్రి చలికి ముడుచుకుంటాయి.
ఊపిరి పీల్చేవాళ్ళు పుట్టకముందే
ఊపిరాడటం మొదలైందన్నమాట,
రాతిలో.

ఆ ఇరుకులో చిక్కిన అణువులు
ఎండితే చేతులు పట్టుకుంటాయి,
తడిస్తే వదిలేస్తాయి.
పట్టి, వదిలి, పట్టి,
ఏ కోట్ల సార్లకో ఒకసారి
ఒక గొలుసు
వదలడం మరిచిపోయింది.
దాన్ని ఆనుకుని దాని లాంటిదే ఇంకొకటి.
అంతే.
పండగ చేసేందుకు ఎవరూ లేరు.
బయట సముద్రం మాత్రం
ఉప్పగా, ఏమీ తెలియనట్టు.

సముద్రం నిండా సోడియం.
రేకు రేకుకీ మధ్య పొటాషియం.
ఇప్పటికీ మన ఒంట్లో ప్రతి కణమూ
సోడియాన్ని గడప బయటికి నెట్టి
పొటాషియాన్నే లోపల దాచుకుంటుంది
ఎందుకో.
గని మానేసి ఇన్నేళ్ళైనా
చెంగమ్మ గోళ్ళ కింద
మెరుపు పోనట్టు.

నిజం చెప్పాలంటే
ఈ రాయి ఆనాటిది కాదు.
భూమి వయసు ముందు మన సైదాపురం అభ్రకం
నిన్నగాక మొన్న పుట్టిన చంటిది.
పోలిక చూపడానికే పనికొస్తుంది,
మేనత్త ముఖం మేనకోడలిలో చూసినట్టు.

ఇదంతా చెప్పాను.
గొడుగు కింద కూర్చుని,
చేతులూపుతూ, క్లాసులో కన్నా బాగా.
ఆమె విన్నది.
మేకను అదిలించి, మళ్ళీ విన్నది.

"సందుండాది, సరే.
నీళ్ళుండాయి, సరే.
మరి ఊదింది ఎవురబ్బయా?"

ఎండ, అన్నాను.
కాసేపాగి, చలి, అన్నాను.
చెంగమ్మ నవ్వింది.
నవ్వు సగంలో దగ్గైంది,
దగ్గు చాలాసేపు దగ్గుగానే ఉండిపోయింది.
ముప్పై ఏళ్ళు ఊదిన మనిషి.
ఊదిన ప్రతిసారీ
రాయి కూడా కొంచెం
ఆమెలోకి ఊదింది.

నీళ్ళ సీసా ఇచ్చాను.
తాగి, మూతి తుడుచుకుని,
నేను ఏరుకున్న బిళ్ళను వెలుగుకి పట్టి చూసింది
ఒకప్పుడు తూకం కాడ చూసినట్టు.

"మచ్చలుండాయి. తుక్కు.
కిలోకి రూపాయి కూడా రాదు.
తీసకపో."

గూడూరు బస్సులో జేబు తడుముకుంటే
బిళ్ళ రెండుగా విడిపోయి ఉంది.
నేను ఊదలేదు.
ఒంటి వేడికేమో,
చెమటకేమో.